వేయిపడగల తర్వాత ఏం చదవాలి?

ఫిబ్రవరి రెండో ఆదివారం మా ఇంట్లో వేసిన ఉల్లిపాయ పకోడీలు సగానికి సగం మిగిలిపోయాయి. తొమ్మిది మంది వస్తారని లెక్కేసి వేశాను. వచ్చింది నలుగురు. ఆ నలుగురిలో పుస్తకం చివరిదాకా చదివినవాళ్లు ఇద్దరే. ఒకరు మాస్టారు. ఆయన ముప్పై ఏళ్ల కిందటే చదివేశారు కాబట్టి లెక్కలో వేసుకోకూడదు. రెండో మనిషిని నేను. నాది కూడా గొప్పేమీ కాదు, ఆ పుస్తకం పట్టుబట్టి పెట్టించింది నేనే కాబట్టి పరువు కోసం చదివాను.

ఆ పుస్తకం విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు.

మాది హైదరాబాదు నల్లకుంటలో ఒక చిన్న చదువరుల గుంపు. పేరేమీ లేదు. వాట్సాప్ గ్రూపుకి ఏదో ఒక పేరు తప్పదు కాబట్టి ‘రెండో ఆదివారం’ అని పెట్టుకున్నాం. నెలకో పుస్తకం. రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. టీ ఉంటుంది, తినడానికి ఏదో ఒకటి ఉంటుంది. మాస్టారు నల్గొండ వైపు హైస్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. డాక్టరుగారిది చిత్తూరు. మా కింది ఫ్లాటు అత్తయ్యగారిది గుడివాడ, డెబ్బై దాటాయి. కర్నూలు నుంచి వచ్చి స్థిరపడిన దంపతులు ఇద్దరు, ఆయన బ్యాంకులో చేశారు, ఆవిడ టీచరు. వరంగల్ లెక్చరరుగారు ఎకనామిక్స్ చెప్తారు. సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఒకడు. గ్రూప్స్‌కి చదువుకుంటున్న అమ్మాయి ఒకతె. ఆఖర్న నేను, మాది ఒంగోలు. వీళ్లందరికీ నప్పే పుస్తకం వెతకడం అంటే ఇంటిల్లిపాదికీ నచ్చే కూర వండటం లాంటిది. ఎవరో ఒకరు పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు.

వేయిపడగలు పెట్టించడానికి నేను చాలానే మాట్లాడాను. తెలుగువాళ్లమై ఉండి ఇది చదవకపోతే ఎలా అన్నాను. పి.వి. నరసింహారావుగారు అంతటి మనిషి కూర్చుని దీన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారన్నాను. తెలుగుకి మొదటి జ్ఞానపీఠం తెచ్చిన నవల అని కూడా అనబోయాను. గ్రూప్స్ అమ్మాయి మధ్యలోనే ఆపేసింది. “ఆంటీ, రచయిత కరెక్టే. అవార్డు మాత్రం రామాయణ కల్పవృక్షానికి, 1970.” ఆ పిల్లకి అవార్డులు, సంవత్సరాలు, రచయితల పేర్లు కంఠతా వచ్చు. చదివినవి మాత్రం తక్కువ. అది ఆమె తప్పు కాదు, ఆమె రాసే పరీక్షలు అలాంటివి.

పకోడీలు మిగిలిన రోజు రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. ఎందుకు రాలేదు నాన్నా అన్నాను. కాసేపు ఆఫీసు పని అన్నాడు, తర్వాత అసలు సంగతి చెప్పాడు.

“అక్కా, నాకు తెలుగు ఒక పేజీకి నాలుగు నిమిషాలు పడుతుంది. వత్తులు వచ్చినచోట ఆగిపోతా. మీకు చెప్పడానికి సిగ్గేసింది.”

పదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం, సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. మాట్లాడితే చక్కటి తెలుగు. చదవడం దగ్గర మాత్రం రెండో తరగతి పిల్లాడే. ఫోన్ పెట్టేశాక కాగితం మీద లెక్కేశాను. దాదాపు వెయ్యి పేజీల పుస్తకం, పేజీకి నాలుగు నిమిషాలు, మొత్తం నాలుగు వేల నిమిషాలు. అంటే అరవై ఆరు గంటల పైన. నెల రోజుల్లో అవ్వాలంటే రోజూ రెండు గంటల పైచిలుకు. ఉద్యోగం చేసుకునే పిల్లాడు ఎక్కడ కూర్చుని చదువుతాడు? అదే రెండు వందల యాభై పేజీల పుస్తకమైతే రోజుకి అరగంట, మరో మూడు నాలుగు నిమిషాలు. అంతే తేడా. పుస్తకం ఎంచేటప్పుడు రచయిత ఎవరు, ఎంత గొప్పవాడు అని చూశాను తప్ప, ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు.

అప్పటినుంచి మాకు ఒక నియమం వచ్చింది. మూడు వందల పేజీలు దాటకూడదు. మాస్టారు దీన్ని ఒప్పుకోలేదు. “కొలత వేసి పుస్తకం కొనడం బట్టల షాపులో పని” అన్నారు. ఒప్పుకోకపోయినా పాటించారు.

ఆ వారం గ్రూపులో మెసేజ్ పెట్టాను. ఒక్కొక్కరు ఒక్క పుస్తకం చెప్పండి, పోల్ పెడతాను అని. మాస్టారు దాశరథి రంగాచార్యగారి చిల్లర దేవుళ్లు అన్నారు. డాక్టరుగారు కేశవరెడ్డిగారి అతడు అడవిని జయించాడు అన్నారు. కేశవరెడ్డి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేసిన డాక్టరు, పైగా వాళ్ల చిత్తూరు మనిషి, కాబట్టి ఆవిడకి ఆ పుస్తకం మీద రెండువైపులా హక్కు. తమ్ముడు సినిమా చూసి ఉన్నాడు, కొండపొలం అన్నాడు. కర్నూలాయన శప్తభూమి, ఆయన భార్య కొండపల్లి కోటేశ్వరమ్మగారి నిర్జన వారధి. లెక్చరరుగారు చదువుకున్నది ఉస్మానియాలో, కాబట్టి అంపశయ్య. గ్రూప్స్ అమ్మాయి కన్యాశుల్కం అంది. సిలబస్‌లో ఉందట. నేను బుచ్చిబాబుగారి చివరకు మిగిలేది అన్నాను. వేయిపడగలతో దెబ్బతిన్నా నాకు బుద్ధి రాలేదని ఇప్పుడు తెలుస్తోంది.

అత్తయ్యగారు మొదట “మీరేది పెడితే అదే” అన్నారు. అందరివీ వచ్చేశాక, మర్నాడు మధ్యాహ్నం, ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ చదవకూడదా అని.

దానికి లెక్చరరుగారు పెట్టిన జవాబు నాకు ఇంకా గుర్తే. “మనది చదువరుల గుంపా, వారపత్రికా?” పక్కన నవ్వు బొమ్మ కూడా పెట్టారు. అత్తయ్యగారు ఆ తర్వాత రెండు రోజులు గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు నా ఘనకార్యం చెప్పాలి. పోల్ పెట్టాను. తొమ్మిది మంది, తొమ్మిది పుస్తకాలు, మనిషికి ఒక ఓటు. ఎవరి పుస్తకానికి వాళ్లు వేసుకుంటారని చిన్నపిల్లాడికైనా తెలుసు. అందుకని తమ్ముడికి, గ్రూప్స్ అమ్మాయికి విడివిడిగా ఫోన్ చేసి, ఈసారికి చివరకు మిగిలేదికి వేయండి నాన్నా, చాలా బాగుంటుంది అన్నాను. వేశారు. నా పుస్తకానికి మూడు ఓట్లు, వాళ్లిద్దరి పుస్తకాలకి సున్నా, మిగిలిన ఆరింటికీ ఒక్కొక్కటి. నేను గెలిచాను. పది నిమిషాలు గెలిచాను. అంతలో కర్నూలాయన అడిగారు, “బాబూ, కొండపొలం నువ్వే చెప్పావు, నువ్వే వేయలేదేం?” అని. తమ్ముడు ఏ కపటం లేకుండా గ్రూపులోనే జవాబిచ్చాడు. “అక్క చెప్పారని ఇటు వేశానండీ.”

నేను ఆ రోజంతా ఫోన్ బోర్లా పెట్టేశాను. రాత్రి మాస్టారు ఒక్కరే మెసేజ్ పెట్టారు. “అమ్మా, మన దేశంలో ఎన్నికల మీద నమ్మకం పోకుండా చూసుకోవాలి.” అంతకన్నా ఏమీ అనలేదు. అదే ఎక్కువ.

మర్నాడు పొద్దున టమాటా పప్పు గిన్నె పట్టుకుని కిందికి, అత్తయ్యగారింటికి వెళ్లాను. నిజానికి క్షమాపణ చెప్పుకోవాల్సింది లెక్చరరుగారు. కానీ గుంపు నడిపేది నేను కాబట్టి ఆ పని నా మీద పడింది. ఆవిడ కోపంగా లేరు. కొంచెం చిన్నబుచ్చుకున్నారు, అంతే. పదహారేళ్లప్పుడు ఆ నవలని పేజీలు పేజీలుగా చింపి, దారంతో కుట్టుకుని, ఇంట్లో తెలియకుండా బియ్యం డబ్బా వెనక పెట్టుకుని చదివారట. “మా నాన్న చూస్తే చదువు మాన్పిస్తాడని భయం. అయినా చదివాం. ఆ పుస్తకాలే లేకపోతే మాకు చదివే అలవాటే లేదు. ఆ లెక్చరరుగారికేం తెలుసు?” అన్నారు. నాకు ఆ మాట గుచ్చుకుంది. నేనూ వాట్సాప్‌లో ఆ నవ్వు బొమ్మ చూసి లోపల్లోపల నవ్వుకున్నదాన్నే.

కాఫీ తాగుతుంటే ఆవిడే అన్నారు. “పోనీ అది వద్దులే. ఇంకోటి ఉండేది. ఎవరో డాక్టరమ్మ రాసింది. కాలేజీ లైబ్రరీలో తెచ్చుకుని చదివా. అందులో ఇందిర అని ఒకతె ఉంటుంది. పేరు గుర్తు రావడం లేదు.”

పుస్తకం పేరు మర్చిపోయి యాభై ఏళ్లైనా పాత్ర పేరు మర్చిపోలేదు. నాకు వెంటనే తట్టింది. డాక్టర్ పి. శ్రీదేవి కాలాతీత వ్యక్తులు. 1957-58లో తెలుగు స్వతంత్రలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే పోయారు. ఆవిడ రాసిన నవల అదొక్కటే. దాన్నే తీసుకుని 1963లో చదువుకున్న అమ్మాయిలు అనే సినిమా తీశారు, సావిత్రి, నాగేశ్వరరావు వేశారు. సినిమాకీ నవలకీ చాలా దూరం. ఇవన్నీ నాకు తెలుసు. నవల మాత్రం చదవలేదు. గ్రూప్స్ అమ్మాయిని అన్నందుకు నాకు ఇలా జరగాల్సిందే.

సెక్రటరీ స్థానంలో ఆ పేరు చేర్చి, రెండో పోల్ పెట్టాను. ఈసారి డాక్టరుగారు చెప్పినట్టు చేశాం. మనిషికి రెండు ఓట్లు, కానీ ఎవరి పుస్తకానికి వాళ్లు వేసుకోకూడదు. దానికి ముందు మనిషికి ఒక ‘వద్దు’ ఇచ్చాం. ఇది ససేమిరా చదవను అనుకున్నది ఒకటి తీసేయచ్చు, కానీ ఎందుకో చెప్పాలి. నాకు ఈ వద్దులే ఓట్ల కన్నా ఎక్కువ నేర్పాయి. ముగ్గురే వాడారు.

గ్రూప్స్ అమ్మాయి అంపశయ్యని తీసేసింది. నవీన్‌గారి ఆ నవల 1969లో వచ్చింది, ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి ఒక్క రోజు. లెక్చరరుగారికి అది తన యవ్వనం. ఆ పిల్ల మాత్రం ఇలా రాసింది. “సార్, డబ్బులు లేకుండా హాస్టల్లో కూర్చుని భవిష్యత్తు ఏమవుతుందా అని ఆలోచించడం నేను రోజూ చేస్తున్నాను. ఆదివారం కూడా అదే చేయలేను.” లెక్చరరుగారు సరే అన్నారు. ఈసారి నవ్వు బొమ్మ పెట్టలేదు.

శప్తభూమిని తీసేసింది కర్నూలాయన భార్యే. బండి నారాయణస్వామిగారి నవల, సాహిత్య అకాడమీ అవార్డు వచ్చినది, పద్దెనిమిదో శతాబ్దపు సీమ కథ. ఆవిడకి పుస్తకం మీద కోపం లేదు. “మా ఇంట్లో ఆ పుస్తకం గురించి ఏడాదిగా వింటున్నాను. మీరూ మొదలుపెడితే నేనెక్కడికి పోను?” అన్నారు. కన్యాశుల్కాన్ని లెక్చరరుగారు తీసేశారు. అది చదవక్కర్లేకుండానే అందరికీ తెలిసిన పుస్తకం, గిరీశం గురించి గంటసేపు మాట్లాడేసి ఎవరూ చదవకుండా లేచిపోతాం అన్నారు. ఆయన చెప్పినవాటిలో నేను పూర్తిగా ఒప్పుకున్న మాట అదొక్కటే.

మిగిలిన ఆరింటిలో నిర్జన వారధికి ఐదు ఓట్లు, అతడు అడవిని జయించాడుకి నాలుగు, చిల్లర దేవుళ్లుకి నాలుగు, కాలాతీత వ్యక్తులుకి మూడు, కొండపొలానికి ఒకటి, నా దానికి ఒకటి. ఆ ఒకటి ఎవరు వేశారో తెలియదు. నేను ఎవరికీ ఫోన్ చేయలేదు.

ఇక్కడితో తేలిపోయిందనుకున్నాను. కానీ ఓట్లు పడ్డ పుస్తకం షాపులో ఉండాలి కదా. తెలుగు పుస్తకాలతో ఉన్న కష్టమే ఇది. వెయ్యి కాపీలు వేస్తారు. అవి అయిపోతే మళ్లీ ఎప్పుడు అచ్చు వేస్తారో తెలియదు. డిసెంబర్లో పుస్తకాల పండగకి ఎన్టీఆర్ స్టేడియంలో కొండల్లా కనిపించిన పుస్తకం మార్చిలో వెతికితే కనపడదు. ఒక శనివారం ఆఫీసుకి సెలవు పెట్టి కోఠీ, కాచిగూడ షాపులన్నీ తిరిగాను. చిల్లర దేవుళ్లు రెండు కాపీలే దొరికాయి. “ఇంకో ఏడు కావాలా? ఎందుకమ్మా, స్కూలుకా?” అని అడిగాడు షాపతను. చదువుకోవడానికి అన్నాను. ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, స్టూలు వేసి కూర్చోమన్నాడు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి కూడా వెళ్లాను. 1901లో పెట్టిన లైబ్రరీ అది. ఎండన పడి వచ్చి ఆ బిల్డింగులోకి అడుగుపెడితే ఎందుకో స్థిమితంగా ఉంటుంది. అక్కడ దొరికితే ఒక కాపీ దొరుకుతుంది, తొమ్మిది మందికి తొమ్మిది ఎక్కడ దొరుకుతాయి? మర్నాడు ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వెతికితే ఇంటర్ ఫిజిక్స్ గైడ్లు, ఇంగ్లిష్ నవలలు, ఒక వాస్తు పుస్తకం.

జిరాక్స్ తీద్దామా అని తమ్ముడు అడిగాడు. మాస్టారికి కోపం వచ్చింది. చిల్లర దేవుళ్లు ఆయన పుస్తకమే, ఆయన ఇంట్లో గోధుమరంగు తిరిగిపోయిన కాపీ కూడా ఉంది, అయినా ఒప్పుకోలేదు. “కొనేవాళ్లు తొమ్మిది మంది ఉన్నారని ప్రచురణకర్తకి తెలిస్తేనే కదా మళ్లీ వేసేది. వచ్చేంతవరకూ ఆగుదాం” అని తన పుస్తకాన్ని తనే వెనక్కి తీసుకున్నారు.

మార్చి రెండో ఆదివారం కర్నూలు వాళ్లింట్లో. చదవాల్సిన పుస్తకం ఏదీ లేదు కాబట్టి ఆ రోజు ఎంపికకే పెట్టుకున్నాం. ఒక్కో ఓటే పడ్డవి రెండూ పక్కన పెడితే మిగిలినవి మూడు. ఒక్కొక్కదాన్నుంచి మొదటి నాలుగైదు పేజీలు పైకి చదవాలి, విన్నాక చూద్దాం అన్నారు డాక్టరుగారు. ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు చేశారు. ఈసారి తొమ్మిది మందీ వచ్చారు. బజ్జీల కోసమా, పుస్తకం కోసమా అని నేను అడగలేదు.

అతడు అడవిని జయించాడు డాక్టరుగారే చదివారు. ఒక ముసలాయన, ఆయన పందులు, అడవి, ఒక రాత్రి. ఆవిడ మామూలుగా మాట్లాడేటప్పుడు హైదరాబాదు తెలుగే. చదవడం మొదలుపెట్టగానే గొంతులోకి చిత్తూరు వచ్చేసింది. ఐదు పేజీలు అనుకుంది పన్నెండు పేజీలు చదివారు, ఎవరూ ఆపలేదు. తమ్ముడైతే బజ్జీ చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయాడు. ఆవిడ పుస్తకం మూశాక అందరూ ‘అబ్బా’ అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఫ్యాన్ చప్పుడు వినపడింది.

నిర్జన వారధి టీచరమ్మ చదివారు. కోటేశ్వరమ్మగారి సొంత కథ అది. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలియకుండానే వైధవ్యం, తర్వాత మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త వదిలేసి వెళ్లడం, కళ్లముందే బిడ్డలిద్దరూ పోవడం. తొంభై దాటాక, 2012లో పుస్తకంగా వచ్చింది. ఆవిడ నూరేళ్లు బతికి 2018లో పోయారు. టీచరమ్మ మధ్యలో రెండుసార్లు ఆగి మంచినీళ్లు తాగారు. అయిపోయాక అత్తయ్యగారు కళ్లు తుడుచుకుని “మహాతల్లి” అన్నారు. లెక్చరరుగారు తల దించుకున్నారు. మళ్లీ మౌనమే. ఇది ఇంకో రకం. అంత బతుకు బతికిన మనిషి ముందు కూర్చుని, ఇక్కడ మీరు ఇలా చేయకుండా ఉండాల్సింది అని ఎవరంటాం?

కాలాతీత వ్యక్తులు చదివే పని గ్రూప్స్ అమ్మాయికి ఇచ్చాం. చక్కగా, వార్తలు చదివినట్టు చదివింది. నిజం చెప్పాలంటే మూడింటిలో అదే చప్పగా వచ్చింది. చదవడం అయ్యాక ఆ పిల్ల పుస్తకం ఒళ్లో పెట్టుకుని మామూలుగా అడిగింది.

“ఈ ఇందిర హీరోయినా, విలనా?”

అంతే. అత్తయ్యగారు “హీరోయినే” అన్నారు. అదే క్షణంలో టీచరమ్మ “ఛ, ఛ” అన్నారు. ఆవిడ ఇరవై ఏళ్ల కిందట చదివారట. డాక్టరుగారు కూడా మెడికల్ కాలేజీ రోజుల్లో చదివారట. ఇప్పటిదాకా ఇద్దరూ ఎందుకు చెప్పలేదో.

“ఉద్యోగం చేసి తండ్రిని సాకుతోంది. తన సుఖం తను చూసుకుంటే తప్పేంటి?” అన్నారు అత్తయ్యగారు.

“సాకుతోంది సరే అత్తయ్యగారూ. పక్కవాళ్ల బతుకుల్లో చెయ్యి పెట్టడం ఎందుకు? ఆ కల్యాణికి ఏం చేసింది?”

“ఆగండాగండి, కథ చెప్పేయకండి!” అని తమ్ముడు చెవులు మూసుకున్నాడు.

“నాకు ఇందిరతో పేచీ లేదు. ఆ ప్రకాశం ఉన్నాడే, వాడూ మెడికల్ స్టూడెంటే. అలాంటి పిరికివాళ్లని మా బ్యాచ్‌లో పది మందిని చూశాను” అన్నారు డాక్టరుగారు. ఆవిడ అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. మాస్టారు తనకి తెలిసింది సినిమాయే కాబట్టి సావిత్రి వైపు నిలబడ్డారు. ఆయనకి ఆ సావిత్రి వేరు, ఈ గొడవ వేరు అని చెప్పడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. కర్నూలాయన లోపల్నుంచి మూడో వాయి బజ్జీలు తెచ్చేసరికి ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. ఒక్కరు కూడా గడియారం చూడలేదు.

అప్పుడు నాకు అనిపించింది, ఇప్పటిదాకా నేను తప్పు ప్రశ్న అడుగుతున్నానని. వీటిలో ఏది గొప్ప పుస్తకం అని అడిగితే ఆ పన్నెండు పేజీలే గెలుస్తాయి, అందులో నాకు సందేహం లేదు. కానీ అది ఒంటరిగా, రాత్రిపూట, ఎవరితోనూ మాట్లాడకుండా చదువుకోవాల్సిన పుస్తకం. తొమ్మిది మంది కలిసి కూర్చునేది ఇంకోదాని కోసం. ఇదే మాట పైకి అన్నాను.

లెక్చరరుగారు ఊరుకోలేదు. “అంటే పోట్లాట పెట్టేదే మంచి పుస్తకం అంటారా? అలాగైతే సెక్రటరీకి ఏం తక్కువైంది? దాని మీద ఇంతకన్నా ఎక్కువ పోట్లాడేవాళ్లం.”

నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పటికీ లేదు. కాలాతీత వ్యక్తులులో ఎవరి పక్షం తీసుకోవాలో రచయిత్రి చెప్పదు, అక్కడ తేడా ఉంది అని టీచరమ్మ ఏదో అన్నారు. చదవకుండా దానికి నేను తలూపలేకపోయాను. అత్తయ్యగారు మాత్రం వెలిగిపోయారు. “ఆయన నోటితోనే వచ్చింది, రాసిపెట్టుకోండి. మే నెలకి సెక్రటరీ” అన్నారు. లెక్చరరుగారు చేతులు జోడించారు. మే నెల సంగతి ఇంకా తేలలేదు. ఏప్రిల్‌కి కాలాతీత వ్యక్తులు, జూన్‌కి నిర్జన వారధి, అది చదివి కూర్చున్న రోజు ఎవరూ మాట్లాడకపోయినా పర్వాలేదు అనుకున్నాం. కేశవరెడ్డిని అప్పటికప్పుడు ముగ్గురు డాక్టరుగారి దగ్గర వరసలో అడిగి పెట్టుకున్నారు. కొండపొలం తమ్ముడు ఒక్కడే చదువుకుంటానన్నాడు, పేజీకి నాలుగు నిమిషాల చొప్పున.

కాలాతీత వ్యక్తులు కాపీలు ఐదు కాచిగూడలో దొరికాయి, మూడు తెప్పించుకున్నాం. తొమ్మిదోది అవసరం లేదన్నారు మాస్టారు. ఆయనకి ఒక కంటికి శుక్లాలు, ఆపరేషన్ డేటు ఇంకా ఇవ్వలేదు. అచ్చు చిన్నది, రెండు పేజీలకే కన్ను నీరు కారుతోంది. ఈ సంగతి మాకు అప్పటిదాకా చెప్పలేదు. అంతకుముందు నెలల్లో ఎలా నెట్టుకొచ్చారో మరి. గ్రూప్స్ అమ్మాయి రోజూ రాత్రి పది పేజీలు చదివి ఆయనకి వాయిస్ మెసేజ్ పెడుతోంది. బదులుగా ఆయన ఆ పిల్ల రాసిన వ్యాసాలు ఫోన్లో విని తప్పులు చెప్తున్నారు. మొదటి రెండు రోజులూ వార్తలు చదివినట్టే ఉందట. మూడో రోజు నుంచి ఇందిర గొంతు వేరు, ప్రకాశం గొంతు వేరు అని మాస్టారు నవ్వుతూ చెప్పారు.

ఏప్రిల్ మీటింగుకి ఇంకా పది రోజులుంది. నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి అత్తయ్యగారు మెట్లెక్కి పైకి వచ్చారు. మోకాళ్ల నొప్పులతో ఆవిడ పైకి రావడమే అరుదు. చేతిలో పుస్తకం, మధ్యలో గుర్తుకి మందుల చీటీ. గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించి అడిగారు.

“నేను అప్పుడు చదివింది ఇదేనా?”

“ఇదే అత్తయ్యగారూ. ఏం?”

“అప్పుడు ఆ తండ్రి కనపడితే కొట్టాలనిపించేది. ఇప్పుడేంటే, చదువుతుంటే ఆ ముసలాడి మీద జాలేస్తోంది.” కాసేపు ఆగారు. “ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆ కర్నూలావిడకి. ఆదివారం నేనే చెప్పుకుంటాను.”